వారానికి అర డాలరు

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కాలిఫోర్నియాలోని రిచ్మండ్ జనాభా 23 వేలు. యుద్ధం వచ్చాక అక్కడ హెన్రీ కైజర్ అనే పారిశ్రామికవేత్త నాలుగు ఓడల యార్డులు పెట్టాడు. పని జోరుగా సాగిన రోజుల్లో ఒక్క ఆ యార్డుల్లోనే 90 వేల మంది దాకా మూడు షిఫ్టుల్లో పనిచేశారు. యుద్ధం ముగిసేలోగా 747 ఓడలు కట్టారు. 1942 నవంబరులో ‘రాబర్ట్ ఇ. పియరీ’ అనే ఓడనైతే అయిదు రోజులు తిరక్కుండానే నీళ్లలోకి దించారు. అంత హడావిడిలో వేళ్లు నలగకుండా, వెల్డింగ్ వెలుగుకు కళ్లు మండకుండా, పరంజాల మీంచి మనుషులు పడకుండా ఎలా ఉంటారు?

పైగా గట్టి కుర్రాళ్లను సైన్యం ముందే ఏరుకుంది. యార్డుల్లో చేరినవాళ్లలో వయసు మళ్లినవాళ్లున్నారు, సైన్యం పనికిరారని తిప్పి పంపినవాళ్లున్నారు, దక్షిణాది పల్లెల నుంచి వచ్చిన నల్లవాళ్లున్నారు. ఆడవాళ్లే పావు వంతు దాటారు. గాయాల మాట అటుంచి, న్యుమోనియా వాళ్లను మంచాన పడేసేది. ఊళ్లో ఉన్న కాసిని ఆసుపత్రులు ఇంతమందికి ఏ మూలకు?

కైజర్‌కు గుర్తొచ్చినవాడు సిడ్నీ గార్‌ఫీల్డ్. అప్పటికే సైన్యంలో చేరి విదేశాలకు బయలుదేరబోతున్న ఆ సర్జన్‌ను ప్రభుత్వంతో మాట్లాడి మరీ వెనక్కి రప్పించారు.

ఆ పట్టుదలకు కారణం పదేళ్ల వెనక ఉంది. కొలరాడో నది నీళ్లను లాస్ ఏంజెలెస్‌కు తెచ్చే కాలువ పని ఎడారిలో సాగుతున్నప్పుడు, 1933లో గార్‌ఫీల్డ్ అక్కడ 12 పడకల ఆసుపత్రి పెట్టాడు. రోగులకు కొదవలేదు, డబ్బులే రావు. బీమా కంపెనీలు బిల్లులు తొక్కిపెట్టేవి. దివాలా అంచున ఉండగా హెరాల్డ్ హ్యాచ్ అనే బీమా ఉద్యోగి ఒక ఉపాయం చెప్పాడు: గాయానికింత అని కాకుండా, కూలీకి రోజుకు 5 సెంట్ల చొప్పున బీమా కంపెనీయే ముందుగా కట్టేస్తుంది. పనితో సంబంధం లేని జబ్బులకు కూలీలే ఇంకో 5 సెంట్లు ఇస్తారు.

దాంతో డాక్టరు లెక్కే తిరగబడింది. గాయం తగిలితే ఖర్చు, తగలకపోతే మిగులు. కాళ్లలో మేకులు దిగి కూలీలు వస్తుంటే గార్‌ఫీల్డ్ పని చోటికే వెళ్లి, పలకల్లోంచి పైకి పొడుచుకొచ్చిన మేకుల సంగతి చూడటం మొదలుపెట్టాడు. ఇందులో పుణ్యం ఎంతో, లాభం ఎంతో విడదీయడం కష్టం. విడదీయాల్సిన పనీ లేదు. 1938 నుంచి గ్రాండ్ కూలీ అనే డ్యాం కడుతున్న కైజర్ మనుషులకూ ఇదే పద్ధతిలో వైద్యం చేశాడు, కొన్నాళ్లకు వాళ్ల కుటుంబాలకు కూడా.

రిచ్మండ్‌లో మూడంచెల ఏర్పాటు జరిగింది. యార్డుల్లో ఆరు ప్రథమ చికిత్స కేంద్రాలు. అక్కడ కుదరని కేసులు దగ్గర్లోని ఫీల్డ్ ఆసుపత్రికి. మరీ ప్రమాదంలో ఉన్నవాళ్లు ఓక్లాండ్‌లోని పెద్దాసుపత్రికి. ఫీల్డ్ ఆసుపత్రి 1942 ఆగస్టులో 10 పడకలతో మొదలైంది. సరుకులకు రేషన్ ఉన్న కాలం కనుక చెక్కతో ఒకే అంతస్తు కట్టారు. 1944కల్లా పడకలు 160కి చేరాయి. యుద్ధం కోసం లేపిన ఆ కట్టడంలో 1995 దాకా వైద్యం నడిచింది.

చందా వారానికి అర డాలరు. మన ఈఎస్ఐలా తప్పనిసరి కోత కాదు, ఇష్టమున్నవాళ్లే కట్టాలి. అయినా 1944 ఆగస్టు నాటికి రిచ్మండ్ యార్డుల కార్మికుల్లో 92 శాతం చేరిపోయారు. ఇంకో సంగతీ చెప్పుకోవాలి. యార్డుల్లోని బాయిలర్‌మేకర్ల యూనియన్ నల్లవాళ్లను విడిగా ‘అనుబంధ’ శాఖల్లో కూర్చోబెట్టిన రోజులవి. ఆసుపత్రి వార్డుల్లో మాత్రం ఆ గీత గీయలేదు.

బయటి డాక్టర్లకు ఇదేమీ నచ్చలేదు. జీతానికి పనిచేసే డాక్టర్లేమిటి, ముందస్తు చందా ఏమిటి అని స్థానిక వైద్య సంఘాలు వీళ్లను చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు. ఇంతలో యుద్ధం ముగిసింది, యార్డులు ఖాళీ అయ్యాయి, చందాదారులు ఎటువాళ్లటు వెళ్లిపోయారు. 1945లో పథకాన్ని మామూలు జనానికి తెరవడం తప్ప దారి లేకపోయింది. చివరికి దాన్ని నిలబెట్టినవి కార్మిక సంఘాలే. 1950లో పడమటి తీరపు రేవు కార్మికుల యూనియన్ తన సభ్యులను అందులో చేర్పించింది. ఆ పథకమే నేటి కైజర్ పర్మనెంటె.