నోలన్ రయాన్

నోలన్ రయాన్ (జననం: 1947 జనవరి 31, రెఫ్యూజియో, టెక్సాస్) అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 27 సీజన్లు ఆడిన కుడిచేతి పిచర్.

1965 డ్రాఫ్ట్ 12వ రౌండ్‌లో న్యూయార్క్ మెట్స్ ఆయనను ఎంచుకుంది. మరుసటి ఏడాదే మేజర్ లీగ్‌లో అడుగుపెట్టినా, బంతిపై అదుపు కుదరక నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆయనకు దక్కిన ఏకైక వరల్డ్ సిరీస్ టైటిల్ 1969 నాటిది. 1971 డిసెంబరులో కాలిఫోర్నియా ఏంజెల్స్‌కు మారడమే అసలు మలుపు: 1973లో 383 స్ట్రయికౌట్లు (మూడు స్ట్రయిక్‌లతో బ్యాటర్‌ను ఔట్ చేయడం) సాధించారు. 1900 తర్వాత ఒక సీజన్‌లో ఇదే అత్యధికం.

హ్యూస్టన్ ఆస్ట్రోస్ (1980–88), టెక్సాస్ రేంజర్స్ (1989–93) ఆయన తర్వాతి జట్లు. ప్రత్యర్థికి ఒక్క హిట్టూ దక్కనివ్వని మ్యాచ్‌ను నో-హిట్టర్ అంటారు. 1991లో, 44 ఏళ్ల వయసులో, ఏడోది సాధించారు. ఈ ఏడు నో-హిట్టర్లూ, కెరీర్ మొత్తంలోని 5,714 స్ట్రయికౌట్లూ రికార్డులే. అదుపు లోపానికి గుర్తయిన 2,795 వాక్‌లూ (నాలుగు గురితప్పిన బంతులతో బ్యాటర్‌కు మొదటి బేస్ ఇచ్చేయడం) రికార్డే.

గెలుపులు 324, ఓటములు 292. 1999లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు.