రాకుమారుడు చస్తే ఏమవుతుంది?

మొన్న పండక్కి అయిజ వెళ్ళినప్పుడు మా అక్క కొడుక్కి లాప్‌టాప్‌లో పాత ప్రిన్స్ ఆఫ్ పర్షియా పెట్టి చూపించాను. 1989 నాటిది. వాడికి తొమ్మిదేళ్ళు, ఫోన్లో ఆటలు ఆడి ఆరితేరినవాడు, ఈ బొమ్మల్ని చూసి నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. రాకుమారుడు మేకుల గుంతలో పడి చచ్చేదాకా చూసి, "మామా, దీంట్ల సస్తే ఏమైతది?" అన్నాడు.

"ఆ అంతస్తు మళ్ళీ మొదట్నుంచి ఆడాలి. గడియారం మాత్రం వెనక్కి పోదు" అన్నాను. అనేశాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఎందుకంటే, కర్నూలులో చదువుకునే రోజుల్లో మా హాస్టల్ ఈ ఆట మీద రెండుగా చీలిపోయింది. రూముకో అసెంబుల్డ్ సిస్టమ్, చేతులు మారి మారి గీతలు పడిన సీడీలు. 2003లో వచ్చిన సాండ్స్ ఆఫ్ టైమ్ గొప్పదనేవాళ్ళు కథ పార్టీ. 2004లో వచ్చిన వారియర్ వితిన్ గొప్పదనేవాళ్ళు కత్తి పార్టీ. నేను కథ పార్టీ. పరీక్షల ముందు రోజు కూడా మెస్‌లో ఈ గొడవే. ప్రపంచమంతా ఇదే గొడవ పడుతోందని తర్వాత తెలిసింది. ఇన్నాళ్ళకి ఆ పిల్లాడి ప్రశ్నతో రెండు పార్టీలూ అసలు సంగతి పట్టించుకోలేదనిపిస్తోంది. ఆటలో కథ ఉండేది మధ్యలో వేసే సినిమా ముక్కల్లో కాదు, నువ్వు ఓడిపోయినప్పుడు ఆట ఏం చేస్తుందో అక్కడ ఉంది.

మొదటి దాన్నే తీసుకోండి. జోర్డాన్ మెక్నర్ 1985లో మొదలుపెట్టి నాలుగేళ్ళు దాదాపు ఒక్కడే కూర్చుని రాశాడు. తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికల్నే ఫ్రేము ఫ్రేముగా గీశాడు. కత్తియుద్ధాలకి 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమా. కథకి 1940 నాటి థీఫ్ ఆఫ్ బాగ్దాద్. (అందులో దొంగ పిల్లాడు మన మైసూరు కుర్రాడు సాబు!) దుష్టమంత్రి, రాజకుమారి, వట్టి చేతుల వీరుడు. వినగానే మనకి పాతాళభైరవి గుర్తొస్తుంది. రావాలి కూడా. 1951లో కె.వి.రెడ్డి తీసిన ఆ సినిమా కూడా కాశీమజిలీ కథలతో పాటు అల్లావుద్దీన్ కథ నుంచి తీసుకున్నదే. తోటరాముడూ ఈ రాకుమారుడూ ఒకే బావి నీళ్ళు తాగినవాళ్ళు.

ఆటకి మొత్తం 60 నిమిషాలు. చచ్చిన ప్రతిసారీ ప్రాణం తిరిగొస్తుంది, పోయిన నిమిషాలు మాత్రం రావు. రాజకుమారికి మంత్రి పెట్టిన గడువు మనకీ గడువే. ఒక్క మాట లేకుండా కథ మన ఒంట్లోకి ఎక్కుతుంది.

మన ఐటీ జనాలకి నచ్చే ముక్క ఇంకోటుంది. ఆటలో పోరు లేకపోతే ఉప్పులేని పప్పులా ఉందని స్నేహితురాలు పోరుపెట్టింది. కానీ ఆపిల్ 2 లో మెమొరీ అప్పటికే నిండిపోయింది, కొత్త శత్రువు బొమ్మలకి చోటు లేదు. మెక్నర్ ఏం చేశాడంటే, రాకుమారుడి బొమ్మనే ఒక్క బిట్ పక్కకి జరిపి, దాంతోనే ఎక్సార్ చేశాడు. తళతళలాడే నీడమనిషి పుట్టాడు! నాలుగో అంతస్తులో అద్దంలోంచి దూకితే అవతలికి నువ్వొకడివి, ఇవతలికి నీ నీడ ఒకటి. అది నీ మందు తాగేస్తుంది, నీ ముఖం మీదే తలుపు మూస్తుంది. పన్నెండో అంతస్తులో ఎదురొస్తుంది. దాన్ని పొడిస్తే నీ ప్రాణమే తగ్గుతుంది. మరి గెలవడం ఎలా? కత్తి ఒరలో పెట్టి దాని మీదికి నడిచివెళ్ళాలి. ఇద్దరూ ఒకటైపోతారు. మెమొరీ చాలక చేసిన పని వల్ల మొత్తం సిరీస్‌లోకెల్లా మంచి సన్నివేశం దొరికింది. దాన్ని కథ అంటారా, ఆట అంటారా? విడదీయండి చూద్దాం.

2003 ఆట యూబీసాఫ్ట్ మాంట్రియల్‌ది, కథ మళ్ళీ మెక్నరే రాశాడు. ఇందులో రాకుమారుడు జరిగిపోయిన కథని మనకి చెబుతుంటాడు. నువ్వు గోతిలో పడి చస్తే, అబ్బే అలా జరగలేదు, మళ్ళీ చెబుతానుండండి అంటాడు! మా తాత కథ చెబుతూ మధ్యలో దారితప్పి సర్దుకున్నట్టే. బాకులో ఇసుక ఉన్నంతసేపు కాలాన్ని వెనక్కి తిప్పొచ్చు కూడా. చివర్లో కాలమంతా వెనక్కి పోయి, తన కోసం ప్రాణమిచ్చిన ఫరాకి తనెవరో కూడా గుర్తుండదు. ఆటంతా మనం సరదాగా వాడుకున్న మీట ఖరీదు అక్కడ తెలుస్తుంది. కాకపోతే పోరాటాలు మాత్రం విసుగే, చచ్చినవాళ్ళే మళ్ళీ లేచొస్తారు. ఇది అప్పట్లో ఒప్పుకునేవాణ్ణి కాదు.

కత్తి పార్టీ వాళ్ళ వారియర్ వితిన్‌లో పోరు నిజంగానే బాగుంది. కానీ నవ్వు ముఖం రాకుమారుడు చిరచిరలాడే మొండివాడయ్యాడు, వెనక హెవీ మెటల్ మోత. దాంతో సంబంధంలేని మెక్నర్ కూడా తనకి నచ్చలేదని బయటికే చెప్పాడు. అయితే ఒక్కటి మెచ్చుకోవాలి. ఆ దహాకా అనే భూతం ఎందుకు తరుముతోంది? కాలంతో ఆడుకుని చావు తప్పించుకున్నందుకు. అంటే పాత ఆటలో మనం చేసిన అప్పు వసూలుకి వచ్చిందన్నమాట. మా రూమ్మేట్ ఈ మాట ఆనాడే అన్నాడు, నేను వినలేదు. 2005 ఆటలో నీడ మళ్ళీ వచ్చింది, చీకటి రాకుమారుడిగా. చివర్లో వాడితో పోరాడి లాభంలేదు, వదిలేసి నడవాలి.

అందరూ తిట్టింది 2008 ఆటని. ఎన్నిసార్లు పడ్డా ఎలికా చెయ్యందించి పైకి లాగుతుంది. చావే లేదు, ఇదేం ఆట అన్నారు. నేనూ అన్నాను. కానీ చివర ఎలికా చచ్చిపోతే, ఆమెని బతికించడానికి మనమే ఒక్కో చెట్టూ నరికి, అంతదాకా చేసిన మేలంతా చెడగొట్టాలి. మీట నొక్కేది మన వేలే. ఇన్నిసార్లు పట్టుకున్న చెయ్యి కాబట్టే అక్కడ వేలు వణుకుతుంది.

మరి మనవాళ్ళేం చేశారు? 2017 ఏప్రిల్లో బాహుబలి ఆట వచ్చింది, బెంగుళూరు మూన్‌ఫ్రాగ్ వాళ్ళు చేశారు. అచ్చం క్లాష్ ఆఫ్ క్లాన్స్ పద్ధతి: కోట కట్టు, సైన్యాన్ని పెంచు, కాలకేయుల్ని తరుము. ఓడితే మళ్ళీ సైన్యం తయారుచేసుకోవడమే. దేశం మొత్తం రెండేళ్ళపాటు కట్టప్ప ఎందుకు చంపాడని అడిగింది కదా, ఆ కట్టప్ప కత్తి ఒక్కసారి మన చేతికిచ్చి ఉంటే? మీట నొక్కకుండా ఎంతసేపు కూర్చుంటామో చూసి ఉంటే? సినిమా చెయ్యలేనిది, ఆట మాత్రమే చెయ్యగలిగింది అదొక్కటే, అదే వదిలేశారు. సాండ్స్ ఆఫ్ టైమ్ రీమేక్ 2020లో పుణె, ముంబయి స్టూడియోలకి వచ్చిందని సంబరపడ్డాం. ట్రైలర్లో ముఖాలు చూసి లోకం వెక్కిరించింది, 2022 మేలో పని మాంట్రియల్‌కి పోయింది, 2026 జనవరిలో మొత్తానికే రద్దయింది. ముఖాల గురించి అన్ని మాటలు అన్నవాళ్ళలో, పడ్డప్పుడు రాకుమారుడు ఏమంటాడో అడిగినవాళ్ళు నాకైతే కనబడలేదు.

ఆ రాత్రి డాబా మీద మావాడికి బేతాళుడి కథ చెప్పాను, చందమామలో శంకర్ గారి బొమ్మ ఎలా ఉండేదో కూడా. రాజు నోరు విప్పగానే శవం మళ్ళీ చెట్టెక్కుతుందనేసరికి లేచి కూర్చున్నాడు.

"మరి రాజు ఊకె ఉండొచ్చు గద మామా?"

"తెలిసి చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుంది కదరా."

వాడు కాసేపు ఆలోచించాడు. "అంటే చెప్పినా ఓడినట్టే, చెప్పకున్నా ఓడినట్టే" అని, "ఇంకోపారి చెట్టు కాడికి పొమ్మను" అన్నాడు.