ద్వారముపై లేని పేర్లు

అమెరికా దేశములోని ఒహాయో రాష్ట్రమందు ఓబర్లిన్ అను చిన్న పట్టణము గలదు. 1833లో స్థాపింపబడిన అచ్చటి కళాశాల, నల్లవారిని స్త్రీలను ఇతరులకంటె ముందుగా చేర్చుకొనిన వాటిలో ఒకటి. దాని పచ్చిక బయలులో 1903లో ప్రతిష్ఠింపబడిన రాతి ద్వారము నేటికిని నిలిచియున్నది. దానిపై పేర్లు చెక్కబడియున్నవి.

అవి ఎవరి పేర్లు? 1880 తరువాత ఆ కళాశాలవారు కొందరు చైనాలోని షాన్సీ రాష్ట్రమునకు మిషనెరీలుగా వెళ్లిరి. 1900 నాటికి ఉత్తర చైనాలో వానలు లేక పొలములు ఎండెను. పరదేశ ప్రభుత్వములు రేవులను లాగుకొనుచుండుటచే జనుల గుండెలు మండుచుండెను. అప్పుడు బాక్సర్లు అనబడిన దళములవారు పరదేశులమీదను, క్రైస్తవులైన స్వదేశీయులమీదను పడిరి. జూలై 31న తైగూ పట్టణములో ఆరుగురు మిషనెరీలు చంపబడిరి. ఆగస్టు 15న ఫెంజోలోనివారును హతులైరి. ఆ ద్వారము వీరి జ్ఞాపకార్థమే.

అయితే ఆ యేట ప్రాణము విడిచినవారు వీరేనా? చైనా క్రైస్తవులు వేలకొలది చంపబడిరి. పిమ్మట ఎనిమిది దేశముల సేనలు వచ్చి, ఏ పాపము ఎరుగని పల్లెవారిని సయితము చంపి దోచుకొనెను. వీరి మాట ఆ రాతిమీద లేదు. అందుచేత పట్టప్రదాన దినమున విద్యార్థులు కొందరు ఆ ద్వారముగుండ నడువక, ప్రక్కనుండి చుట్టి పోవుచు వచ్చిరి. తుదకు 1990ల దశకములో, మృతులైన చైనీయులను స్మరించు ఫలకమొకటి అచ్చట చేర్చబడెను. సుమారు తొంబది యేండ్లు పట్టెను!

ఇంకొక సంగతి వినుడి. తైగూ ప్రాంతపు యువకుడు కుంగ్ సియాంగ్‌సీ 1901లో అమెరికాకు వెళ్లి, ఓబర్లిన్‌లో చదివి, 1906లో పట్టభద్రుడయ్యెను. స్వదేశమునకు మరలివచ్చి తైగూలో పాఠశాల తెరచెను. దాని పేరు మింగ్‌షియెన్. సజ్జనులను మరువకుండుట అని దాని భావము. చైనీయుడు పరదేశపు మృతులను తన బడి పేరులోనే నిలుపుకొనెను. పరదేశపు రాయి మాత్రము చైనా మృతులను తలంచలేదు. ప్రేమ ఎవరియందు ముందు నడచినదో మీరే చెప్పుడి.

మీ గుడి గోడలోని రాతిపలకను ఒకసారి చదువుడి. దానిమీద దొరగారి పేరుండవచ్చును. ఆయనతో ఊరూర నడచిన ఉపదేశి పేరున్నదా? బైబిలు స్త్రీ పేరున్నదా? రాళ్లు మోసిన కూలివారి పేర్లున్నవా? మీ వృద్ధులు బ్రతికియుండగనే వారినడిగి వ్రాసికొనుడి. ప్రభువు ఆ పేర్లను ఎరుగును. మనమును ఎరిగియుండుట మంచిది.