జడుపు

వాన కఱవైన అనంతపుర పీఠభూమిమీద, గుత్తి పెనుకొండల మీదుగా బెంగుళూరునకు సాగు 44వ జాతీయ రహదారియందు కారు బోల్తాపడగా ఎముక విఱుగకయే బయటపడినవాడు, నెల గడచినను నిద్రలో ఉలికిపడుచు, కారెక్కుమనగానే చెమటలు గ్రమ్మ వెనుదీయుచుండిన, ఇంటి పెద్దలు వైద్యునికంటె ముందుగా 'జడుపు తగిలిన'దందురు. 'జడియు' అను తెనుగు ధాతువునుండి పుట్టిన యీ మాట కావ్యములందు వట్టి భయమే. పల్లె నోట నది లోపల చొచ్చి కూర్చుండిన వ్యాధి, కావుననే దానికి విభూతి, తాయెత్తు, దిష్టి దిగదుడుచుట మొదలగు చికిత్సలు.

పాశ్చాత్య వైద్యము దీనిని గ్రహించుటకు చాల వంకరత్రోవ నడచినది. 1866లో లండను శస్త్రవైద్యుడు ఎరిక్సెన్ రైలు ప్రమాదములనుండి బ్రతికినవారి వణకును వెన్నుపాము దెబ్బగా నెంచగా, 1883లో హెర్బర్ట్ పేజ్ అది చాలవఱకు భయజన్యమని వాదించెను (పేజ్ రైల్వే కంపెనీ వైద్యుడగుట యిచ్చట మఱువరాదు). 1980లో గాని అమెరికా మనోవైద్యులు తమ వ్యాధుల పట్టికలో దానికి ప్రత్యేకస్థాన మీయలేదు. జ్ఞాపకమును నిపుణుని యెదుట మరల మరల చెప్పించుట, వదలుకొన్న ప్రయాణమునకు మెల్లమెల్లగా అలవఱచుట నేటి చికిత్స. తాయెత్తు కట్టువేళ ఆప్తులు చుట్టు చేరుట కొంత ఊఱట నిచ్చునేమో కాని, నెల దాటిన జడుపునకు బెంగుళూరి నిమ్‌హాన్స్ మానసిక వైద్యాలయము కలదు, 2022లో నెలకొన్న మానసికారోగ్య సహాయసేవయైన టెలిమానస్ వారి 14416 ఫోనును కలదు.