పండుగ బోనసు: ఇనాము హక్కు అయిన కథ



దసరా సెలవులు అనగానే మీలో కాస్త వయసు మళ్ళినవారికి పప్పుబెల్లాలు గుర్తుకు వస్తాయి. వీధిబడి పంతులుగారు పిల్లల చేతుల్లో విల్లంబులు పెట్టి, వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగేవారు. పిల్లలు గుమ్మం ముందు వరసగా నిలబడి పాట పాడేవారు. అయ్యవారికి డబ్బులు ఇవ్వండి, మాకు పప్పుబెల్లాలు చాలు అని ఆ పాట సారాంశం. పంతులుగారి ఏడాది రాబడిలో దసరా సంభావన చెప్పుకోదగ్గ భాగం. నేనూ బడిపంతులునే. అందుకనేమో, అందరూ ముచ్చటగా చెప్పుకొనే ఆ పాటలో నాకు కొంచెం చేదు కూడా వినిపిస్తుంది. ఏడాది పొడుగునా చదువు చెప్పినాయన తనకు రావలసినది నోరు తెరిచి అడగలేక, పిల్లల నోట పాటగా పెట్టవలసి వచ్చింది కదా!

పని చేసిన మనిషికి పండుగపూట ఏదో ఒకటి చేతిలో పెట్టడం మనకు కొత్త కాదు. ఊళ్ళో కల్లం దగ్గర వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి ఇంత ధాన్యమని కొలిచి ఇచ్చేవారు. దాన్ని మేర అనేవారు. సంక్రాంతికి పాలేరుకు కొత్త పంచె. దసరాకు తపాలా జవానుకు, కావలివానికి మామూలు. ఈ మామూలు అన్న మాటను ఒక్క క్షణం చూడండి. అది అరబ్బీ మాట. ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. ఆచరణలో ఉన్నది, వాడుక అయినది అని దాని అర్థం. ఇనాము కూడా అరబ్బీ నుంచి వచ్చినదే, కానీ అది దయతో ఇచ్చేది. ఒకసారి ఇస్తే ఇనాము, ఏటా ఇస్తే మామూలు. ఇనాము ఇవ్వకపోతే ఎవరూ అడగరు. మామూలు ఇవ్వకపోతే, ఏమయ్యా, ఈ ఏడాది మరచిపోయారా అని అడుగుతారు. ఈ చిన్న తేడా మీదనే మన దేశపు మిల్లుల్లో, కోర్టుల్లో సుమారు యాభై ఏళ్ళు తగువు నడిచింది. దాని పేరే బోనసు.

నేను మాట్లాడుతున్నది షోలాపూరు నుంచి. ఇక్కడ తూర్పు పేటల్లో, మరాఠీలో పూర్వభాగ్ అంటారు, వీధి వీధంతా తెలుగే వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి మగ్గం పని చేతిలో పట్టుకొని వచ్చిన పద్మశాలీల మనుమలు, మునిమనుమలు వీళ్ళు. 1877లో ఇక్కడ మొదటి నూలుమిల్లు వెలిసింది. మా పెద్దవాళ్ళు దాన్ని పాతమిల్లు అనేవారు. కొందరు ఇక్కడే ఆగారు, కొందరు ఇంకా ముందుకు బొంబాయి దాకా పోయారు. మిల్లులో కల్లం లేదు, మేర కొలిచే ఆసామీ లేడు. నెలకు ఇంత అని పగారు, అంతే. మరి పండుగ మాట?

బోనసు మొదట వచ్చింది పండుగ కోసం కాదు, ప్లేగు కోసం. 1917లో అహమ్మదాబాదులో ప్లేగు వ్యాపించింది. కూలీలు ఊరు విడిచి పారిపోతే మిల్లు ఆగిపోతుంది. వాళ్ళను నిలబెట్టుకోవడానికి యజమానులు ప్లేగు బోనసు ఇచ్చారు. నేతపనివాళ్ళలో కొందరికి అది జీతంలో నూటికి డెబ్బయి, ఎనబై వంతుల దాకా ముట్టింది. 1918 మొదట్లో జబ్బు తగ్గగానే దాన్ని ఆపేస్తామన్నారు. అప్పటికి యుద్ధం వల్ల ధరలు మండిపోతున్నాయి. కార్మికులు నూటికి యాభై పెంచమన్నారు. గాంధీగారు ముప్ఫై అయిదు న్యాయమని తేల్చారు. ఇందులో చిత్రమేమిటంటే మిల్లు యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయ్, కార్మికుల పక్షాన ఆయన సొంత అక్క అనసూయా బెన్. మార్చి 15న గాంధీగారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. మూడు రోజులకు రాజీ కుదిరింది. చివరకు మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ ఇచ్చిన తీర్పు కూడా ముప్ఫై అయిదే.

బొంబాయి కథ వేరు. అక్కడ అది యుద్ధం బోనసు. 1917లో జీతం మీద నూటికి పది వంతులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. యుద్ధం అయ్యాక కూడా మిల్లులకు లాభాలు దండిగా వచ్చాయి. అందుకని ఏడాదికి ఒక నెల జీతం బోనసుగా ఇచ్చారు. 1922 లెక్క దాకా ఏటా అలాగే ఇస్తూ పోయారు. ఒకటికి నాలుగుసార్లు చేతికి వచ్చిన డబ్బు మీద ఇల్లు ఆధారపడుతుంది కదండీ! ఊళ్ళో అప్పు ఆ నెలలో తీర్చవచ్చు, పిల్ల పెళ్ళి ఆ నెలకు పెట్టుకోవచ్చు అని లెక్క వేసుకుంటాం. అది మామూలు అయిపోయింది. 1923లో యజమానులు గేటు దగ్గర నోటీసు అంటించారు: ఈ ఏడాది బోనసు లేదు.

1924 జనవరిలో మొదలైన సమ్మె బొంబాయి మిల్లులన్నిటికీ పాకింది. లక్షన్నర మందికి పైగా పని మానేశారు. ఆ చాళ్ళలో మన తెలుగువాళ్ళ ఇళ్ళూ ఉన్నాయి. రెండు నెలలు పొయ్యి ఎలా వెలిగిందో చరిత్ర పుస్తకాలు రాయవు. మార్చిలో కాల్పులు జరిగాయి, కార్మికులు చనిపోయారు. ప్రభుత్వం బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ నార్మన్ మెక్లియాడ్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. ఏటా ఇస్తూ వచ్చిన ఈ బోనసు మీద కార్మికులకు హక్కు ఏర్పడిందా అన్నది దాని ముందున్న ప్రశ్న. ఆచారం ప్రకారం గాని, చట్టం ప్రకారం గాని, న్యాయధర్మం ప్రకారం గాని అడిగి పుచ్చుకొనే హక్కు ఏదీ లేదని కమిటీ తేల్చింది. అంటే అది ఇనామే, మామూలు కాదు అన్నమాట. సమ్మె విరిగింది. కార్మికులు ఉత్త చేతులతో మిల్లుకు తిరిగి వెళ్ళారు.

ఓడిపోయిన ఆ ప్రశ్న మాత్రం అక్కడితో చావలేదు. రెండో యుద్ధకాలంలో మళ్ళీ లాభాలు, మళ్ళీ బోనసు, మళ్ళీ తగువులు. 1950లో లేబరు అప్పిలేటు ట్రిబ్యునలు బొంబాయి మిల్లుల కేసులోనే ఒక సూత్రం చెప్పింది. వచ్చిన లాభంలో యంత్రాల అరుగుదల, వాటిని మార్చడానికి నిధి, పెట్టుబడికి న్యాయమైన వడ్డీ తీసేయండి. ఇంకా మిగిలితే అందులో కార్మికునికి వాటా ఉంది. ఇక్కడ దయ అన్న మాట పోయి మిగులు అన్న మాట వచ్చింది. మనకు అది పెద్ద మార్పు.

పండుగ మాటకు వస్తే, 1959లో సుప్రీంకోర్టు ముందుకు కలకత్తా కేసులు వచ్చాయి. బెంగాలులో దుర్గాపూజకు ఇచ్చే పూజా బోనసు సంగతి అది. లాభం ఉన్నా లేకపోయినా ఇచ్చారా, ఏడాది తప్పకుండా ఇచ్చారా, ఒకే లెక్కన ఇచ్చారా అని కోర్టు చూసింది. అలా ఇచ్చి ఉంటే, రాసుకోకపోయినా అది ఉద్యోగపు షరతుల్లో ఒకటైనట్టే అంది. 1924లో మెక్లియాడ్ కమిటీ కాదన్న ఆచారం, ముప్ఫై అయిదేళ్ళకు పూజా మండపం దారిన కోర్టులోకి అడుగుపెట్టింది.

1961 డిసెంబరులో ఎం.ఆర్. మెహెర్ అధ్యక్షుడుగా బోనసు కమిషన్ వేశారు. దాని నివేదిక మీద 1965లో మొదట ఆర్డినెన్సు, తరువాత చట్టం వచ్చాయి. లాభం వచ్చినా నష్టం వచ్చినా కనీసం నూటికి నాలుగు వంతులు, ఎక్కువలో ఎక్కువ ఇరవై. 1971-72 లెక్కల సంవత్సరం నుంచి ఆ కనీసం 8.33 అయింది. ఈ 8.33 ఏమిటని పిల్లలు అడుగుతారు. నూరును పన్నెండుతో భాగించండి. ఏడాది జీతంలో పన్నెండో వంతు, అంటే ఒక నెల జీతం. 1924లో బొంబాయివాళ్ళు అడిగి ఓడిపోయినది సరిగ్గా అదే. ఎమర్జెన్సీలో, 1975లో, దాన్ని ఆర్డినెన్సుతో కోసేశారు. 1977లో మళ్ళీ ఇచ్చారు. 1979లో రైల్వేవాళ్ళకు ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనసు మొదలైంది. గుంతకల్లు, షోలాపూరు, ఖుర్దా రోడ్డు, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లోని మన తెలుగు ఇళ్ళకు దసరా బోనసు అంటే ఇదే.

ఇక్కడ ఒక పక్కమాట. ఈ మధ్య ఒక లెక్క నోటా నోటా తిరుగుతోంది. పూర్వం వారం వారం కూలి ఇచ్చేవారట, ఏడాదికి యాభై రెండు వారాలంటే పదమూడు నెలలట, ఇంగ్లీషువాళ్ళు నెల జీతం పెట్టి ఒక నెల మింగేశారట, అది తిరిగి ఇచ్చేందుకే 1940లో దీపావళి బోనసు చట్టం వచ్చిందట. వినడానికి లెక్క భలే కుదురుతుంది. కానీ బొంబాయి మిల్లుల్లో నెల జీతం అంతకు ఎంతో ముందు నుంచే ఉంది. బోనసు తగువు 1924 నాటిదే. దేశమంతటికీ చట్టం వచ్చింది 1965లో. మింగిన నెలను ఎవరో జాలిపడి తిరిగి ఇవ్వలేదు. రెండు నెలలు పస్తులున్నవాళ్ళు దాన్ని అడిగారు. నా తరగతిలో ఈ లెక్క చెప్పిన పిల్లవాడికి నేను మార్కులు తగ్గించలేదు గాని, మెక్లియాడ్ కథ మాత్రం మొత్తం చెప్పాను.

2015 సవరణతో నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉన్నవారు బోనసుకు అర్హులయ్యారు. లెక్క కట్టేది మాత్రం నెలకు 7,000 మీద గాని, ఆ పనికి ఉన్న కనీస వేతనం మీద గాని, ఏది ఎక్కువైతే దాని మీద. 7,000 మీదనైతే ఏడాదికి కనీసం ఇంచుమించు ఒక ఏడు వేలు వస్తుంది. 1965 చట్టాన్ని 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిపారు. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. 8.33, 20 అన్న అంకెలు అందులోనూ ఉన్నాయి. ఏడాదిలో ముప్ఫై రోజులు పని చేస్తే చాలు, అర్హత వస్తుంది. లెక్కల సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లో చెల్లించాలి. మార్చిలో లెక్కలు మూసేచోట గడువు నవంబరు ఆఖరు. దసరా, దీపావళి ఆ లోపలే పడతాయి. పండుగకు ముందుగా ఇచ్చిన పూజా బోనసును తరువాత అసలు బోనసులో యజమాని తగ్గించుకోవచ్చు. ఇది చాలామందికి తెలియక, కవరు పలుచగా ఉందని గొడవపడతారు. ఇక బడిపంతుళ్ళకు 1965 చట్టం వర్తించనే లేదు. చదువు సంస్థలను అందులో విడిగా మినహాయించారు. పప్పుబెల్లాల పంతులుగారు వింటే నవ్వేవారేమో!

ఇరవై మంది కంటే తక్కువ ఉన్న చిన్న షెడ్డు కూడా ఆ కోడ్ గీతకు బయటే ఉంది. మన సరిహద్దు ఊళ్ళలో అలాంటివి ఎన్నో. హోసూరులో చిన్న వర్క్‌షాపు, బళ్ళారిలో జీన్సు కుట్టే గది, రాయగడలో మరమ్మతు షెడ్డు. ఆయుధపూజ నాడు, ఒడిశాలోనైతే విశ్వకర్మ పూజ నాడు, యంత్రం కడిగి కుంకుమ పెట్టి, గుమ్మడికాయ పగలగొట్టి, బొరుగులు పంచుతారు. మా సీమ స్నేహితులు బొరుగులంటే, కోస్తావాళ్ళు మరమరాలు అంటారు, హోసూరులో పొరి. మాట ఏదైనా చేతికొచ్చే పొట్లం ఒకటే. పొట్లం కింద కవరు ఉంటుందా లేదా అన్నది ఆ యజమాని మనసు.

మా నాన్న అలాంటి షెడ్డులోనే సాంచాలు నడిపాడు. మొత్తం ఎనిమిది మంది. యజమాని మాకు దూరపు చుట్టం. ఇంట్లో బావ, షెడ్డులో మాలకు. ఒక దీపావళికి గిరాకీ లేదని కవరు రాలేదు. మిఠాయి డబ్బా, అంగీ గుడ్డ ఇచ్చారు. ఆ ముందు మూడేళ్ళూ కవరు వచ్చింది. పరాయివాడైతే మా నాన్న అడిగేవాడు. చుట్టాన్ని ఎలా అడుగుతాడు? ఆ సంగతి చాలా రోజులు లోపలే పెట్టుకొని, సంక్రాంతికి వాళ్ళింటికి పోయినప్పుడు అన్నాడు: "బావా, గుడ్డ మంచిగున్నది. గని నాకు ఇచ్చింది ఏందో చెప్పు. చుట్టానికి పెట్టినవా, పనోనికి ఇచ్చినవా?" ఆయన జవాబు చెప్పలేదు. చాయ్ తాగి వచ్చేశాం.

మరుసటి దీపావళికి ఎనిమిది మందికీ కవర్లు వచ్చాయి. లోపల డబ్బుతోపాటు దివాణ్‌జీ రాసిన చీటీ ఒకటి, మరాఠీలో. మా నాన్నకు మరాఠీ మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. నేనప్పుడు నాలుగో తరగతి. దీపం దగ్గర కూర్చోబెట్టి చదవమన్నాడు. పేరు, అంకె, ఆ పక్కన బోనసు అని ఉంది. చదివాను. ఆ ఆఖరు మాట ఇంకోసారి చదవమన్నాడు.