సొలొమోను గనులు – తొలి ప్రతి



పాత పుస్తకముల నేఱి కూర్చువారిని చూచి లోకము నవ్వుట కలదు. కథ తెలియుటకు క్రొత్త ప్రతి చాలదా, శిథిలమైన తొలి ప్రతికి అంత వెల యేల యని యడుగుదురు. ఇంగ్లండు నవల యొకదానిని తీసికొని దీనికి సమాధానము మనవి చేసెదను.

19వ శతాబ్దము చివర ఆ దేశమున రెండు తెగల కల్పితకథలు ప్రబలెను. రాఁబోవు యుగములను, అన్యగ్రహవాసులను ఊహించునవి కొన్ని. 1895లో వెల్సు ప్రకటించిన 'టైమ్ మెషీన్' అట్టిది. లోకమెఱుఁగని పురాతనజాతి యొకటి యే కొండల నడుమనో బ్రదికియున్నదని చెప్పునవి మఱికొన్ని. ఈ రెండవ తెగకు బాట వేసినది రైడర్ హాగర్డు వ్రాసిన 'కింగ్ సాలమన్స్ మైన్స్'. కాసెల్ వారు 1885లో దీనిని ఎఱ్ఱగుడ్డ యట్టతో, ఐదు షిల్లింగుల వెలకు ప్రకటించిరి.

కథ ఆఫ్రికాలో నడచును. తెల్లవారు ముగ్గురు పంచాంగము చూచి గ్రహణము రానున్నదని యెఱిఁగి, సూర్యుని మేమే ఆర్పుదుమని పలికి అచ్చటి జనులను బెదరించుదురు. చిత్రమేమనఁగా, తొలి ప్రతిలో ఆ ముందటి రాత్రి పిండియారబోసినట్లు నిండువెన్నెల! పున్నమ మఱునాఁడు సూర్యగ్రహణమఁట! అమావాస్యనాఁడు గాని సూర్యుని రాహువు పట్టఁడని మన యూళ్లలో ఉగాదికి పంచాంగము వినువారెల్లరు నెఱుఁగుదురు. లక్షలమంది చదివిన నవలలో ఇంతటి పొరపాటు! గ్రంథకర్త తరువాతి కూర్పులలో దానిని చంద్రగ్రహణముగా మార్చివైచెను. ఈ దిద్దుబాటునకు సాక్ష్యము తొలి ప్రతులే. సేకర్తలు వానికై ప్రాఁకులాడుట కిదియు నొక కారణము.

ఆకాశపు తప్పు దిద్దఁబడెను. భూమిమీఁది తప్పు మిగిలిపోయెను. ఆ కథలోని గొప్ప రాచబాటయు, మహాశిల్పములును, గనులును స్థానికుల చేతిపని కావనియు, ఏ ప్రాచీన పరదేశీయులవో యనియు సూచన కలదు. ఈ భ్రమ హాగర్డు పుట్టించినది కాదు. 1871లో కార్ల్ మౌఖ్ అను జర్మనుఁడు మహా జింబాబ్వే రాతిగోడలను చూచి, షేబ రాణితో వానికి సంబంధమున్నదని తలఁచెను. 1905లో రాండల్ మాకివరును, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థామ్సన్ అను విదుషియు త్రవ్వి చూచి, అవి ఆఫ్రికావాసుల కట్టడములే యని తేల్చిరి. అయినను అచ్చటి తెల్లదొరతనమునకు ఆ మాట చిరకాలము మ్రింగుడు పడలేదు.

ఇట్టి నవలలను సిగ్గుచేత అవతల పాఱవేయవలె ననువారితో నేనేకీభవింపను. వ్యవహారమున అబద్ధపు దస్తావేజునైనను చింపివేయరాదు గదా. దొంగపట్టా వ్రాసినవాఁడెవఁడో దానివలననే తెలియవలెను.

లండనులో జార్జి లాక్ అను పుస్తకవిక్రేత ఇట్టి కథలను కూర్చి, తన సేకరణమునకు 'ఎ స్పెక్ట్రమ్ ఆఫ్ ఫాంటసీ' యను విపులమైన పట్టికను 1980లో ప్రకటించెను. ఆ యేఁటనే ఆ రాతిగోడలున్న దేశము స్వతంత్రమై, వాని పేరే తన పేరుగా నుంచుకొనెను.