చెదిరిన చూపే జవాబు

కొల్లూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగి తెల్లాపూర్, నల్లగండ్ల మీదుగా వెళ్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వస్తుంది. మాటకీ చూపుకీ ఉన్న లంకె మీద అక్కడ రమేశ్ కుమార్ మిశ్రా బృందం ఏళ్లుగా పనిచేస్తోంది. రెండు భాషలు వచ్చినవారికి ఇంగ్లిష్‌లో ‘కప్’ అని వినపడితే, చూపు పక్కనున్న కప్ప బొమ్మ మీదికి కూడా ఓసారి పోయి వస్తుందా? ఆ రంగంలో వేసుకునే ప్రశ్నలు ఇలాంటివి. ప్రయోగానికి వచ్చినవారు గడ్డం ఒక ఆసరా మీద ఆనించి తెర చూస్తే చాలు. ఎదుటి కెమెరా సెకనుకు వెయ్యిసార్లు చూపు ఎక్కడుందో, కంటిపాప ఎంత విచ్చుకుందో రాసుకుంటుంది.

మొదట్లో ఇంత సుఖం లేదు. చదివేటప్పుడు చూపు అక్షరాల వరుస మీద నీళ్లలా జారదని, గెంతుతూ ఆగుతూ పోతుందని 19వ శతాబ్దం చివర పారిస్‌లో ఎమిల్ జావల్ ప్రయోగశాల గమనించింది. అక్కడి లమారే ఆ గెంతుల్ని చెవితో లెక్కపెట్టాడు! కనురెప్ప మీద మొద్దుమొన ఆనించి, దానికి తగిలించిన రబ్బరు గొట్టంలోంచి వినడం ఆయన పద్ధతి. చూపు గుట్టు వెతికిన జావల్ తర్వాత గ్లకోమాతో రెండు కళ్లూ పోగొట్టుకున్నాడు.

1898 నాటికి అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ మరీ సాహసించాడు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చిన్న డిప్ప చేసి, నడిమధ్య రంధ్రం పెట్టి, కంటికి తొడిగాడు. దానికి కట్టిన అల్యూమినియం ముల్లు మసి పూసిన కాగితం మీద గీతలు గీసేది. నొప్పి తెలియకుండా కంట్లో కొకైన్ చుక్కలు. ఒప్పుకున్నవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. 1901లో డాడ్జ్, క్లైన్ అనే ఇద్దరు కంటి మీద మెరిసే వెలుగును ఫొటో తీయడంతో ఆ బాధ తప్పింది.

కంటిపాప వంతు ఆలస్యంగా వచ్చింది. 1966లో డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ అంకెల్ని చదివి వినిపించి గుర్తుపెట్టుకోమన్నారు. అంకెలు పోగయ్యేకొద్దీ పాప పెద్దదయింది, తిరిగి అప్పజెప్పేకొద్దీ చిన్నదయింది. అమ్మ చెప్పిన సరుకులన్నీ చీటీ లేకుండా మోసుకుపోయే పిల్లాడి కంట్లోనూ ఇదే జరుగుతూ ఉండాలి.

మరి మాటలే రాని పసిబిడ్డకు ఏ పక్క కనపడుతోందో ఏమని అడగాలి? ఎటు పక్క చూపు ఆనుతుందో, ఎటు ఆనదో తేల్చే పెరిమెట్రీ పరీక్షలో రోగి మధ్యలోని చుక్క మీంచి చూపు తిప్పకూడదు, పక్కన వెలుగు కనపడితే బటన్ నొక్కాలి. కన్ను కదిలితే తప్పు. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ప్రేమ్‌నందిని సత్గుణం బృందం ఈ నియమాన్ని తిరగేసింది. 2017లో వాళ్లు ప్రచురించిన ‘పీడియాట్రిక్ పెరిమీటర్’ ఎల్ఈడీలు అమర్చిన అర్ధగోళం. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, తల దాని లోపల ఉండేలా చూస్తారు. చీకట్లో ఒక పక్క దీపాలు వెలుగుతాయి. కన్నో తలో అటు తిరిగితే, అదే జవాబు. వెలిగిన క్షణానికీ తిరిగిన క్షణానికీ నడుమ ఎంతసేపో పరారుణ కెమెరా తీసిన వీడియోలో లెక్క దొరుకుతుంది. బటన్ నొక్కలేని, చెప్పింది చేయలేని ప్రత్యేక అవసరాలున్న రోగులనూ ఈ అర్ధగోళంలోనే పరీక్షించారు.